ఫిలిప్పీన్స్ కత్తి కొనేముందు: పాతదేది, కొత్తదేది, మీకు పనికొచ్చేదేది

అమ్మేవాడు కత్తికి ఒక్క వయసే చెబుతాడు: "వందేళ్ల పైమాటే." ఫిలిప్పీన్స్ కత్తికి మాత్రం మామూలుగా మూడు వయసులుంటాయి. బ్లేడుది ఒకటి, పిడిది ఒకటి, ఒరది ఒకటి. దక్షిణాన మిందనావ్, సులు దీవుల్లో కత్తి అంటే తాత చేతి నుంచి మనవడి చేతికి వచ్చే వాడుక వస్తువు. పిడి పగిలితే కొత్తది తొడిగించారు, ఒర చివికిపోతే ఇంకోటి కట్టించారు. కాబట్టి 1880ల బ్లేడుకి 1930ల పిడి, 1970ల ఒర ఉండటంలో మోసమేమీ లేదు. 1970ల బ్లేడుకి 1880ల కథ తగిలించడమే మోసం. అందుకే "ఇది పాతదేనా?" అని అడిగితే సరైన జవాబు రాదు. "ఇందులో ఏ భాగం పాతది?" అని అడగాలి, ముందు బ్లేడుతో మొదలుపెట్టాలి.

ఈ సంగతి తెలుగులో రాయడానికి కారణం ఉంది. మిందనావ్‌లోని దావావ్‌లో డాక్టరు చదువుకి మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. తిరిగొచ్చేటప్పుడు గోడకి తగిలించుకునేదేదో ఒకటి తెద్దామని చూస్తారు. రెండో గుంపు అమెరికాలో ఉన్నవాళ్లు. అక్కడ పాత ఇళ్ల సామాను వేలాల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో ఈ కత్తులు తరచుగా కనబడతాయి. ఎందుకంటే 1898లో స్పెయిన్ నుంచి ఫిలిప్పీన్స్ అమెరికా చేతికి వచ్చింది. 1899 నుంచి 1902 దాకా ఫిలిప్పినోలతో యుద్ధం జరిగింది. దక్షిణాది ముస్లిం తెగలతో, అంటే మోరోలతో, పోరు 1913లో సులులోని బుద్ బగ్సాక్ కొండ మీది యుద్ధం దాకా సాగింది. 1911లో అక్కడి గవర్నరు జాన్ పెర్షింగ్ మోరోలు ఆయుధాలు అప్పగించాలని ఉత్తర్వు ఇచ్చాడు. సైనికులు, అధికారులు, టీచర్లు ఇంటికి తెచ్చుకున్న కత్తులే ఇప్పుడు మనవళ్ల అటకల మీద నుంచి దిగుతున్నాయి. మంచి పాత కత్తి మనీలా బజారులో కంటే ఓహాయోలోనో కాలిఫోర్నియాలోనో ఎదురవడం అందుకే వింత కాదు.

బజారులో ఉన్న సరుకు

ఎదురయ్యే కత్తుల్ని నేను నాలుగు కాలాలుగా చూస్తాను. మొదటిది, అమెరికా యుద్ధాల నాటికే వాడుకలో ఉన్నవి. పోరాటానికి, హోదాకి చేసినవి, సేకర్తలు వెంటపడేవి ఇవే. రెండోది, అక్కడి నుంచి 1945 దాకా వచ్చినవి. వీటిలో ఊరి కమ్మరి నిజమైన వాడుకకి చేసినవీ ఉన్నాయి, తెల్లవాళ్లకి అమ్మడానికి చేసినవీ ఉన్నాయి. మూడోది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జ్ఞాపిక సరుకు. క్లార్క్, సుబిక్ అమెరికన్ స్థావరాలు 1991-92లో ఖాళీ అయ్యేదాకా దీనికి గిరాకీ తగ్గలేదు. నాలుగోది, ఇవాళ్టి కమ్మరులు యుద్ధవిద్య నేర్చుకునేవాళ్ల కోసం, సేకర్తల కోసం చేస్తున్న గట్టి కత్తులు. పేచీ అంతా మూడోదాన్ని మొదటిదానిగా అమ్మడంలోనే ఉంది. నాలుగోదాన్ని నాలుగోదిగా అమ్మేవాళ్లతో ఎవరికీ గొడవ లేదు.

ఒకదాన్ని మాత్రం ఆలోచించకుండా పక్కన పెట్టేయొచ్చు. డాలు ఆకారంలో కోసిన చెక్క పలక మీద డజను దాకా బుల్లి కత్తులు అమర్చి, పైన "వెపన్స్ ఆఫ్ మోరోలాండ్" అని రాసి ఉంటుంది. అది స్థావరాల చుట్టూ అమ్మిన గోడ అలంకారం. ఏ కత్తి పేరేమిటో నేర్చుకోవడానికి బాగుంటుంది, అంతే.

క్రిస్: అసలు పరీక్ష మొదలు దగ్గర

మోరో కత్తుల్లో అందరికీ తెలిసింది క్రిస్, స్థానికంగా కలిస్. రెండు వైపులా పదును, పాములా వంకరలు. కొనేవాళ్లు మొదట ఆ వంకరలే లెక్కపెడతారు. దానివల్ల వయసు తేలదు. పూర్తి నిటారు క్రిస్‌లున్నాయి, సగం వంకర సగం నిటారుగా ఉన్నవీ ఉన్నాయి, అన్నీ అసలైనవే.

చూడాల్సింది పిడికి ఆనుకుని బ్లేడు వెడల్పయ్యే చోటు. ఆ అడ్డ భాగాన్ని గాంగ్యా అంటారు. పాత క్రిస్‌లో గాంగ్యా విడి ముక్క. బ్లేడు తోక దాని మధ్య రంధ్రంలోంచి దూరి పిడిలోకి పోతుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో కమ్మరులు రెండింటినీ ఒకే ముక్కగా చేయడం పెరిగింది. అలవాటు కొద్దీ అతుకు ఉండాల్సిన చోట ఒక గీత మాత్రం గీసి వదిలారు. జ్ఞాపిక సరుకులో ఆ గీత కూడా చాలాసార్లు ఉండదు.

నిజమైన అతుకుని, గీసిన గీతని వేరు చేయడానికి పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. అసలు అతుకు బ్లేడుకి రెండు ముఖాల మీదా ఒకే చోట ఉంటుంది, అంచుల దాకా పోతుంది, అంచు మందంలో కూడా కనిపిస్తుంది. సందులో నల్లటి పాత తుప్పు, కొన్ని చోట్ల వెంట్రుకంత ఖాళీ ఉంటాయి. గీసిన గీతకి అడుగు కనిపిస్తుంది. అంచు దగ్గర ఆగిపోతుంది, లేదా ఒక ముఖం మీద ఒక చోట, రెండో ముఖం మీద ఇంకో చోట ముగుస్తుంది. అమ్మేవాడు పంపే ఫోటోల్లో ఈ భాగం మసకగా ఉంటే, రెండు ముఖాలు, రెండు అంచులు దగ్గరగా తీసి పంపమనండి. పంపనంటే అక్కడితో వదిలేయండి.

అతుకు గీత ఆకారం కూడా కొంత చెబుతుంది. చాలా పాత క్రిస్‌లలో అది దాదాపు తిన్నగా అడ్డంగా పోతుంది. అవి చిన్నగా, సన్నగా, ఇండోనేషియా కెరిస్ బాకుకి దగ్గరగా ఉంటాయి. 19వ శతాబ్దపు పెద్ద క్రిస్‌లలో గీత ఒక కొస దగ్గర ఏటవాలుగా వంగుతుంది. ఇది సేకర్తలు వేల కత్తులు చూసి తేల్చుకున్న అంచనా సూత్రం. ఒక్క దీన్ని పట్టుకుని దశాబ్దం చెప్పేవాణ్ణి నేను నమ్మను.

గాంగ్యా పక్కనే పిడిని బ్లేడుకి బిగించే లోహపు పట్టీ ఉంటుంది, దాని పేరు అసంగ్-అసంగ్. ఒకటో రెండో ఉంటాయి. రాగి, ఇత్తడి, వెండి, గొప్పింటి కత్తికైతే బంగారం కలిసిన రాగి. పాతవాటిలో అది నిజంగా బ్లేడుని పట్టుకుని, కొస పిడి చుట్టు కిందకి దూరి ఉంటుంది. కొత్తవాటిలో ఉండదు, లేదా పలచటి ఇత్తడి రేకు అలంకారంగా అంటించి ఉంటుంది. వేలితో కదిపితే తెలిసిపోతుంది.

చివరగా బ్లేడుని కొస నుంచి మీ కంటి వైపుకి పెట్టి చూడండి. సుత్తితో సాగగొట్టిన బ్లేడు మొదలు దగ్గర మందంగా ఉండి కొసకి పోయేకొద్దీ పలచబడుతుంది, అడ్డంగా చూస్తే మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. జ్ఞాపిక క్రిస్‌ని రేకులోంచి వంకరగా కోసి, అంచులు గ్రైండర్ మీద రుద్ది అమ్ముతారు. మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం, మధ్యలో చదును. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా, బతుకు లేనట్టు అనిపిస్తుంది.

బరోంగ్, కంపిలాన్, మిగతావి

సులు దీవుల తౌసుగ్‌ల కత్తి బరోంగ్. ఆకు ఆకారం, ఒకవైపే పదును, చిన్నదైనా బరువు. ఇక్కడ వెతకాల్సింది వీపు మందం. పాత బరోంగ్ వీపు పిడి దగ్గర చాలా దిట్టంగా మొదలై కొస వైపు క్రమంగా సన్నబడుతుంది, పదును వైపు పక్కలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. పిడి కింది భాగానికి వెండి తొడుగు, పైన కాకాతువా చిలుక తలలా వంగిన చెక్క. కొత్త సరుకులో బ్లేడు పలచన, పక్కలు చదును, పిడి మొత్తం పోత ఇత్తడి. బ్లేడు నిండా తీగలల్లికల నగిషీ ఉంటే మరింత జాగ్రత్త. మిందనావ్‌లోని మరనావ్ తెగవాళ్ల ఒకిర్ అలంకారం ఇత్తడి మీద, చెక్క మీద ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని మైనం పూసి ఆసిడ్‌తో బ్లేడు మొత్తం మీద దించడం యుద్ధానంతర జ్ఞాపికల గుర్తు. అలాంటి గీతలు లోతు లేకుండా, అడుగు గరుకుగా ఉంటాయి. ఉలితో తవ్వి తీగ దిగ్గొట్టిన పాత తాపడానికి, దీనికి పోలికే లేదు.

కంపిలాన్ పొడవాటి కత్తి. పిడి నుంచి కొసకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, కొస దగ్గర వీపు మీద చిన్న ముల్లు, పిడి చివర నోరు తెరిచినట్టు రెండుగా చీలి ఉంటుంది. 1521లో మాక్టాన్ దీవి పోరులో మాగెల్లాన్ మీద పడ్డ పెద్ద కత్తి ఇదే అని ఫిలిప్పీన్స్‌లో చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని వాడుకుని అమ్మేవాళ్లు తక్కువేమీ కాదు. కొత్త కంపిలాన్‌ని పట్టించేది పిడే. పాతది గట్టి చెక్కలో లోతుగా చెక్కి ఉంటుంది, అరచేయి ఆనిన చోట నున్నగా అరిగి ఉంటుంది. పర్యాటకుల కోసం చేసినదానికి ఎరుపు, పసుపు పెయింటు, రంగేసిన పీచు కుచ్చులు. ఒర విషయంలో మాత్రం ఉదారంగా ఉండండి. కంపిలాన్ ఒర అంటే మామూలుగా రెండు చెక్కలు కలిపి కట్టినదే. అది పాడైపోవడం, మారిపోవడం సహజం.

పనాయ్ దీవి తలిబోంగ్, తెనెగ్రేలకి ఒక ముఖం చదును, రెండో ముఖానికి మాత్రమే సాన. పిడి కొమ్ముతోనో చెక్కతోనో మృగం తలలా చెక్కుతారు. రెండు ముఖాలకీ సమానంగా సాన పట్టి ఉంటే అది పనాయ్ పనితనం అయ్యే అవకాశం తక్కువ. అక్కడి కమ్మరులు ఇవాళ కూడా అదే పద్ధతిలో చేస్తున్నారు, కాబట్టి ఒకవైపు సాన ఉందంటే ఊరు తెలుస్తుంది, వయసు తెలియదు. బసిలన్ దీవి యాకన్‌ల పిరా, గొడ్డలిలా నరికే పనబాస్, నడుములో దోపుకునే గునోంగ్ బాకు, వీటికీ బ్లేడు మందం, పనిముట్ల గుర్తుల పరీక్షలే వర్తిస్తాయి.

ఉక్కు ఏం చెబుతుంది

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు గురించి విన్నవాళ్లు బ్లేడు మీద నీటి అలల్లాంటి చారలు కనబడగానే అదే అనుకునే ప్రమాదం ఉంది. ఆ చార మూసలో కరిగిన ఉక్కు లోపల పుట్టేది. మోరో బ్లేడు చార వేరు. ఇనుము, ఉక్కు ముక్కల్ని కొలిమిలో కలిపి, మడిచి, సాగగొట్టడం వల్ల చెక్క రేఖల్లా పొరలు పడతాయి. అన్ని పాత బ్లేడులకీ ఇది ఉండదు. ఉన్నా బూడిద రంగులో బూడిద రంగు, వెలుతురు పక్క నుంచి పడితేనే కనిపించేంత.

అందుకే నలుపు తెలుపుల్లో కొట్టొచ్చినట్టు కనబడే చారలున్న "పురాతన క్రిస్" చూస్తే అనుమానించాలి. అలాంటి నికెల్ కలిసిన పొరల ఉక్కు ఇప్పటి పని. పాకిస్తాన్ వజీరాబాద్ నుంచి కత్తుల బజారుకి వచ్చేది చాలావరకు ఆ తరహాదే. ఇంకో రకం, మామూలు రేకు మీద ఆసిడ్‌తో గీసిన దొంగ చార. దీన్ని పట్టుకోవడం తేలిక. నిజమైన పొరలు బ్లేడు ముఖం మీద నుంచి వీపు మీదికి, సాన పట్టిన అంచు మీదికి తెగకుండా సాగుతాయి. దొంగ చార ముఖం దగ్గరే ఆగిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి ఎక్కువ కత్తుల ముడిసరుకు జీపుల, ట్రక్కుల కమాన్ పట్టీ. అది మంచి ఉక్కే. అందులోంచి చేసిన కత్తి కొబ్బరి బోండాలు కొట్టడానికి నిశ్చింతగా పనికొస్తుంది. చార మాత్రం ఉండదు, ఒకే తీరుగా ఉంటుంది. కొన్ని బ్లేడుల మీద పట్టీ రంధ్రం కూడా మిగిలి ఉంటుంది. దాన్ని ఎవరైనా "పూజ కోసం పెట్టిన రంధ్రం" అని చెబితే నవ్వి ఊరుకోండి.

ఆసిడ్ లేదా నిమ్మరసం పరీక్ష యజమాని ఒప్పుకుంటేనే, ఒర మూతి కింద దాగే అంగుళం మేర మాత్రమే చేయండి. నూనె పూర్తిగా తుడిచి, గోరువెచ్చని నిమ్మరసం దూదితో అద్ది, కొద్ది నిమిషాల తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టి వెంటనే నూనె రాయాలి. కొన్నదాన్ని ఇంటికి తెచ్చాక ఉప్పుకాగితంతో మెరిపించే పని మాత్రం పెట్టుకోవద్దు. పాత బ్లేడు విలువ సగానికి సగం ఆ ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

తుప్పు పెట్టించిన కత్తి

ముదురు గోధుమ, నలుపు రంగుల్లో గట్టిగా పట్టుకున్న తుప్పు ఏళ్లది. నారింజ రంగులో, వేలికి పొడి అంటేది నిన్నటిది. ఉప్పునీళ్లు, ఆసిడ్, మట్టిలో పాతిపెట్టడం, ఈ మూడూ బజారులో మామూలే. వాటికి ఒక బలహీనత ఉంది. బ్లేడు మొత్తాన్ని ఒకేలా తింటాయి. వాడుక అలా తినదు. ఒరలో తేమ చేరే చోట గుంతలు, సాన పదేపదే తగిలిన చోట అంచు లోపలికి పోవడం, కొస కొద్దిగా మొండి కావడం, ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. గుంతల పక్కన నున్నటి చోట్లు లేకుండా అంతా సమానంగా మశూచి మచ్చల్లా ఉంటే ఆసిడ్ పని అనుకోవచ్చు.

లోహపు అలంకారానికి ఇంట్లోనే కొలమానం ఉంది. పూజగదిలో ముప్పై ఏళ్లు తోమిన ఇత్తడి చెంబు చూడండి. ఎత్తు భాగాలు అరిగి మెత్తబడతాయి, గాడుల్లో మాత్రం నలుపు, చిలుము మిగిలిపోతాయి. కత్తి పిడి మీది వెండి కట్లూ అంతే. గాడుల్లో నలుపు ఉండి, ఎత్తు గీతలు మాత్రం కొత్త నగలా పదునుగా ఉన్నాయంటే ఆ నలుపు సీసాలోంచి వచ్చింది.

పనిముట్ల గుర్తులు అబద్ధం చెప్పవు. ఆకురాయి గీతలు సన్నగా, దారి తప్పుతూ ఉంటాయి. గ్రైండింగ్ మెషిన్ చక్రం ఒకదాని పక్కన ఒకటిగా వంపు గీతలు వదులుతుంది. వీటిని పైన పాలిష్ చేసి దాచినా పిడి పక్కన, గాంగ్యా మలుపుల్లో మిగిలిపోతాయి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ 1930లకి ముందు లేదు. పిడి ఊడి తోక బయటపడే అవకాశం వస్తే అదృష్టమే. సుత్తి దెబ్బలతో, నల్లటి తుప్పుతో ఉంటే మంచిది. వెల్డింగ్ ముద్ద, మరలు తిప్పిన బోల్టు కనిపిస్తే ఆ ముచ్చట అయిపోయినట్టే. పాత పిడిని నింపేది చెట్టు బంక. దాని ఒడ్డు పెళుసుగా, గోధుమ రంగులో ఉంటుంది. పారదర్శకంగానో పాలలా తెల్లగానో ఉన్న గట్టి జిగురు ఎపాక్సీ. అయితే వదులైన పాత పిడిని ఎవరో ఎపాక్సీతో బిగించి ఉండొచ్చు, కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. క్రోమియం పూతకీ ఇదే మాట. జ్ఞాపికలకి అది మామూలే, కానీ ఇంటికి తెచ్చుకున్న అసలు బ్లేడుకే మెరుపు కోసం పూత వేయించిన సైనికులూ ఉన్నారు. పూత కింద బ్లేడు ఆకారం, మందం చూడండి.

ఒర విషయం త్వరగా చెప్పొచ్చు. పేముతో కట్టిన సాదా చెక్క ఒర పాతదయ్యే అవకాశం ఎక్కువ. ముత్యపు చిప్ప ముక్కలు పొదిగి మెరిసే ఒర, రేకు ఇత్తడి ఒర చాలావరకు తర్వాతివి. లనావో దెల్ సుర్‌లోని తుగాయా ఊరు ఇత్తడి పనికి పేరున్నది, అక్కడి నుంచి వచ్చిన ఒరలు అందంగానే ఉంటాయి. ఒర లోపల బ్లేడు రాసుకున్న చారలు, కారిన తుప్పు మరకలు ఈ బ్లేడు ఆకారానికి సరిపోతున్నాయో లేదో టార్చి వేసి చూడండి. వేరే కత్తి ఒరలో దూర్చిన బ్లేడులు బోలెడు.

కాగితం, రాత, కథ

బ్లేడు మీద చెక్కిన "లేటే 1944", "మనీలా 1945" లాంటి రాతల్ని చూసి కొందరు చీదరించుకుంటారు. నాకైతే అవి నిజాయితీ గల కత్తులు. యుద్ధం ముగుస్తుండగా అమెరికన్ సైనికుల కోసం ఊరి కమ్మరులు కమాన్ పట్టీతో చేశారు, పిడికి కూలిన విమానాల అల్యూమినియం, ప్లెక్సిగ్లాస్ వాడారు. వాటి కాలం వాటి మీదే ఉంది. "పి.ఐ." అని ఉంటే అమెరికా పాలనలో "ఫిలిప్పీన్ ఐలాండ్స్" అని రాసిన రోజులవి అని ఊహించొచ్చు. ఇక కటిపునన్ విప్లవ సంఘం గుర్తులున్న 1896 నాటి కత్తి అని ఎవరైనా చూపిస్తే రెండింతలు అనుమానించండి. అక్షరం చెక్కడం కంటే తేలికైన పని లేదు, ఆ కథ కంటే ఎక్కువ ధర పలికే కథ లేదు.

కంటికి అలవాటు చేయాలంటే మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాలు చూడాలి. వస్తువు ఏ సంవత్సరంలో మ్యూజియంకి వచ్చిందో రాసి ఉంటుంది. ఆ కత్తి ఆ సంవత్సరం తర్వాతిది కావడం అసాధ్యం. 1887లో మాడ్రిడ్‌లో ఫిలిప్పీన్స్ ప్రదర్శన జరిగింది, 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పెద్ద ఫిలిప్పీన్స్ విభాగం పెట్టారు. మాడ్రిడ్ మానవశాస్త్ర మ్యూజియం, షికాగో ఫీల్డ్ మ్యూజియం, స్మిత్‌సోనియన్ దగ్గర తేదీలతో ఉన్న ముక్కలు కొన్ని గంటలు చూస్తే వంద అమ్మకపు ప్రకటనలు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. మనీలాలో ఉంటే నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆంత్రోపాలజీకి వెళ్లండి.

అమ్మేవాడి నోటి కథకి ధర కట్టకండి. "సుల్తాన్ వంశం కత్తి" అంటే దానితోపాటు ఫోటో, ఉత్తరం, పాత వేలం రసీదు ఏదైనా ఉందా అని అడగండి. ఉన్నా, కాగితంలోని కొలతలు చేతిలోని కత్తికి సరిపోవాలి. కొంటే, బ్లేడు, పిడి, ఒర ఒక్కోటి ఏ కాలంవని చెబుతున్నాడో, పిడి దేనితో చేసిందో రసీదు మీద విడివిడిగా రాయించుకోండి. నిజాయితీపరుడికి రెండు నిమిషాల పని. రెండోవాడికి అక్కడే మాట తడబడుతుంది.

ఎవరికి ఏది

గోడ అలంకారమే కావాలంటే కొత్త జ్ఞాపిక కొనండి, జ్ఞాపిక ధరకే కొనండి. దావావ్‌లో చాలా ఏళ్లు ఆల్డెవింకో షాపింగ్ సెంటర్ ఈ సరుకుకి పేరు మోసింది. అలాంటి చోట బేరం ఆడాలి, పురాతనం అన్న మాటని పట్టించుకోకూడదు.

ఎస్క్రిమా లాంటి యుద్ధవిద్య నేర్చుకునేవాళ్లకి, పొలంలో వాడాలనుకునేవాళ్లకి పాత కత్తి అసలు వద్దు. అతుకుల దగ్గర, తోక దగ్గర కనబడని తుప్పు ఉంటుంది. ఊపుతున్నప్పుడు బ్లేడు ఊడితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఇప్పటి కమ్మరి కమాన్ పట్టీతో చేసిన కత్తి తీసుకోండి. పాంపంగా ప్రాంతంలోని అపాలిత్, పనాయ్ దీవి ఊళ్లు ఇలాంటి పనికి పేరున్నవి. పదునంచుని కాల్చి చల్లార్చి సరిగా గట్టిపరిచాడా, తోక పిడి చివరిదాకా ఉందా అన్నవే మీ ప్రశ్నలు. వయసుతో మీకు పనిలేదు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకి నా సలహా నలుగురూ చెప్పేదానికి భిన్నం. మొదటి కత్తిగా మెరిసే క్రిస్ వద్దు. సాదా చెక్క పిడి ఉన్న, అలంకారం లేని పాత బరోంగ్ కొనండి. అది క్రిస్ కంటే తేలిగ్గా అర్థమవుతుంది. మోసగాళ్లు శ్రమంతా క్రిస్ మీద, దంతం పిడుల మీద పెడతారు గానీ దీని మీద పెట్టరు. ఒర లేకపోయినా, పిడి పగిలినా, బ్లేడు బాగుంటే తీసుకోండి. పూర్తిగా ఉన్న అనుమానపు కత్తి కంటే సగమే ఉన్న నిజమైన కత్తి ఎక్కువ నేర్పుతుంది. రెండోదిగా 1945 రాత ఉన్న సైనిక కత్తి బాగుంటుంది. వాటి మీద ఇంకా పెద్దగా పోటీ లేదు.

పెద్ద మొత్తం పెట్టగలిగినవాళ్లకి విడి గాంగ్యా ఉన్న 19వ శతాబ్దపు క్రిస్. దాన్ని చేతిలోకి తీసుకోకుండా, వెనక్కి ఇచ్చే షరతు లేకుండా కొనకండి.

కొన్నాక ఇంటికి రావడం

ఇది చాలామంది చివర్లో ఆలోచిస్తారు, ముందే ఆలోచించాలి. భారతదేశంలోకి కత్తి తేవడం 1959 ఆయుధ చట్టం పరిధిలోకి వస్తుంది, దిగుమతికి లైసెన్సు అడుగుతారు. 2016 ఆయుధ నియమాల్లో కత్తులు, బాకులు పేరుతోనే ఉన్నాయి. తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న చాకులు కూడా అక్కడే ఉన్నాయి. చెక్-ఇన్ సామానులో పెట్టినంత మాత్రాన కస్టమ్స్ వదిలేస్తుందనుకోవద్దు. టికెట్ కొనకముందే కస్టమ్స్‌కీ, విమానయాన సంస్థకీ రాసి అడగండి. జవాబు కాగితం మీద ఉండాలి.

ఫిలిప్పీన్స్ నుంచి బయటకి తెచ్చేటప్పుడు అక్కడి జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 10066, అడ్డొస్తుంది. నిజంగా పాతదైతే నేషనల్ మ్యూజియం అనుమతి కావాలి. విచిత్రంగా, "ఇది పురాతనం" అని ఒట్టేసిన అమ్మకందారులే అనుమతి మాట వచ్చేసరికి "ఏం ఫర్వాలేదు, కొత్తదే" అంటారు. ఆ రెండో మాట నమ్మొచ్చు.

ఏనుగు దంతం, డుగాంగ్ (సముద్రపు ఆవు) దంతం, సముద్రపు తాబేలు డిప్ప ఉన్న పిడుల్ని దేశాల మధ్య తరలించడం అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కింద నేరం దాకా పోతుంది. పురాతన వస్తువులకి మినహాయింపు కావాలంటే ధ్రువపత్రం ఉండాలి. భారత్‌లో దంతం వ్యాపారం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. తెల్లటి పిడి ఎముకో, ప్లాస్టిక్కో, దంతమో అమ్మేవాడు రాసి ఇవ్వనంటే, బ్లేడు ఎంత బాగున్నా అక్కడే పెట్టేసి రండి. చెక్క పిడి బరోంగ్‌లకి కొరత లేదు.